నోరు తెరవని ప్రార్థన

మా చర్చిల ఫేస్‌బుక్ చూసేటోళ్లు లేరు గన్క రాస్తున్న.

నా పెనిమిటి ఇడిచిపెట్టి పోయిండని, మా చర్చిల ఒక్క అక్కనే నమ్మి చెప్పుకున్న. పోయిన ఆదివారం చర్చిల ఆమె, "ప్రభువా, మొగడు ఇడిచిపెట్టిన మా చెల్లెను కనికరించు" అని నా పేరు పెట్టి గట్టిగ ప్రార్థన చేసింది. అందరు ఆమెన్ అన్నరు. సోమవారానికి మా ఊరు తొర్రూరంత తెలిసింది.

ఇయ్యాల తెలంగాణ బంద్, బస్సుల్లేవు. అదే అక్క ఎండల నడుచుకుంట మా ఇంటికొచ్చి, తన ఇంటి గోస చెప్పి ఏడ్చింది. "ఎవ్వరికి చెప్పకు చెల్లె, జర ప్రార్థన చెయ్యి" అన్నది.

నా కడుపుమంట ఇంక సల్లారలే. కని గా ఏడుపు ఎట్లుంటదో నాకెరుక. చెయ్యి పట్టుకొని, నోరు తెరవకుంట ప్రార్థన చేసిన.

"ఏమని చేసినవ్? ఇనపడలే" అన్నది.

"ఇనేటాయన ఇన్నడు తియ్ అక్కా" అన్న.

ఆ గోస ఏందో అడగకుండ్రి. ఆమెన్ అనుండ్రి, గది గూడ మనసులనే.