‘పౌరులు’ అని టైపు కొట్టిన రోజు

మొన్న క్యారీ ఊళ్ళో, ఇప్పుడు నేనుంటున్న మా అమ్మాయి ఇంట్లో పాత అట్టపెట్టెలు సర్దుతుంటే అడుగున టైపు తప్పులు దిద్దే వైట్‌నర్ సీసా ఒకటి దొరికింది. మూత తిప్పగానే ముక్కు మండించే అదే వాసన. ఇన్నేళ్ళ తర్వాత కూడా దానితో ముందు తలనొప్పి వచ్చింది, ఆ వెనకే మిస్ ఐరిస్ గుర్తొచ్చింది.

డెబ్భైల చివర్లో మేము అమెరికాలోనే పిస్కాటవే అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మావారు మందుల కంపెనీలో పనిచేసేవారు. నేనొక చిన్న లా ఆఫీసులో టైపిస్టుని. అక్కడి లాయరు ఐరిస్ అమెరికా పాలనలో ఉన్న ఒక కరీబియన్ దీవిలో పుట్టింది. అక్కడ పుట్టినవాళ్ళు అమెరికా పౌరులే, కానీ దీవిలో ఉన్నంతకాలం ప్రెసిడెంటుకి ఓటు వేయలేరు. దీవికి సొంత రాజ్యాంగమూ లేదు. రాసుకోండని వాషింగ్టన్ అనుమతి ఇచ్చాక, హక్కుల అధ్యాయం ముసాయిదా ఆమె నెత్తిన పడింది. పగలు క్లయింట్లు, సాయంత్రాలు రాజ్యాంగం. మేడమ్ అంటే ఆమె ఒప్పుకునేది కాదు, ఉత్త పేరుతో పిలవడానికి నాకు నోరు వచ్చేది కాదు. వాళ్ళ దీవిలో పెద్దవాళ్ళ పేరు ముందు ‘మిస్’ చేరుస్తారట. అక్కడ రాజీపడ్డాం.

వాళ్ళమ్మ అమెరికాది కాని పక్క దీవి నుంచి పనికి వచ్చిన మనిషి. హోటల్లో దుప్పట్లు ఉతుకుతుండగా కాగితాలు లేవని పట్టుకుని, నీ మాటేమిటని ఎవరూ అడగకుండానే పడవ ఎక్కించేశారు. ఏడేళ్ళ ఐరిస్ బడి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం. ఈ సంగతి ఆమె ఒక్కసారే చెప్పింది, అదీ కాఫీ కలుపుకుంటూ. ఆ అధ్యాయం మొత్తంలో ఆమె ప్రాణం ఒక్క వాక్యం మీదే ఉండేది. ఏ మనిషినీ విచారణ లేకుండా నిర్బంధించరాదు.

“మనకే ఇంకా సిటిజన్‌షిప్ రాలేదు, వాళ్ళ కాన్‌స్టిట్యూషన్ గోల నీకెందుకు?” అనేవారు మావారు, కార్‌లో ఇంటికి తీసుకొస్తూ.

“టైప్ చేస్తున్నానండీ, ఓట్ వేయట్లేదు కదా,” అనేదాన్ని.

ఒక శుక్రవారం ఫైనల్ కాపీ కొట్టి, జిరాక్స్ తీసి కవర్లలో పెట్టేశాను. మిస్ ఐరిస్ ఒక కవరు విప్పి చదివింది. చదివి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

“ఈ మాట ఎవరు మార్చారు?”

మార్చింది నేనే. మిగతా అధ్యాయాల్లో ‘పౌరులు’ అని ఉంది, ఇక్కడ మాత్రం ‘మనిషి’ ఏమిటి, పొరపాటేమో అనుకున్నాను. హైస్కూల్లో సోషల్ మాస్టారు బట్టీ పట్టించిన ‘పౌరుల ప్రాథమిక హక్కులు’ నా వేళ్ళలో అలాగే ఉండిపోయింది.

“ఈ గదిలో పౌరులెవరు?” అని అడిగింది.

“మీరొక్కరే.”

“మరి రేపు మా దీవిలో నిన్ను పట్టుకుపోతే? నేను రాసిన కాగితం నీకే పనికిరాదు. మా అమ్మకీ పనికిరాదు.”

కేకలేయలేదు. కేకలేసినా బాగుండేదనిపించింది. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ప్రతి కాపీలోనూ ఆ మాట మీద వైట్‌నర్ పూసి, ఆరాక చేత్తో దిద్దాం. అన్నీ అయ్యేసరికి ఆ వాసనకి తల పగిలిపోయింది.

ఇంతా చేస్తే దీవి ప్రజలు ఆ ముసాయిదాని ఓటింగులో తిప్పికొట్టారు. ఎనభైల్లో ఇంకొకటి రాశారు, అదీ పోయింది. ఆ కబురు చెప్పిన ఫోన్ పెట్టేసి ఆమె పాత ముసాయిదా ఫైలు బయటికి తీసింది. జుట్టు అప్పటికే సగం నెరిసింది.

“ఇంకా ఎందుకు, మిస్ ఐరిస్?” అన్నాను. నిజంగానే నాకు విసుగొచ్చేసింది.

“నాకూ ఓపిక లేదు,” అంది. కళ్ళజోడు పెట్టుకుని, “మెషిన్‌లో కాగితం ఎక్కించు,” అంది.

తర్వాత మాకు సిటిజన్‌షిప్ వచ్చింది. అప్పటికి ఆమె దీవికి వెళ్ళిపోయింది. అక్కణ్ణించి కార్డు పంపింది. “అభినందనలు. ఇప్పుడు ఆ మాటలోకి నువ్వూ వచ్చావు. అయినా వాడకు.” ఆ తర్వాత కొన్నాళ్ళకే పోయిందని తెలిసింది. ఆ దీవికి సొంత రాజ్యాంగం ఇంకా రాలేదు.

అప్పటినుంచీ ఏ కాగితం చేతికొచ్చినా ఇందులో ఎవరు లేరా అని వెతుకుతాను. పోయినవారం అమ్మాయి వాళ్ళ కాలనీ అసోసియేషన్ కొత్త రూల్స్ పంపింది. మీటింగులో ఓనర్లే మాట్లాడాలట. ‘ఓనర్లు’ కొట్టేసి ‘ఇక్కడ ఉండేవాళ్ళెవరైనా’ అని రాసి తిప్పి పంపాను.

అమ్మాయి తల పట్టుకుంది. “అమ్మా, ఓనర్‌ని నేను. నువ్వు కాదు కదా!”

“అందుకేనే,” అన్నాను.

వాళ్ళు ఒప్పుకోరని తెలుసు. మళ్ళీ పంపుతాను.