అవతలికి మడిచిన ఆకు

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహా ఇతిహాసం. ఇందులో ముగ్గురు వీరులున్నారు, ఒక రథముంది, మూడు రణరంగాలున్నాయి, ఒక ఘోరమైన ద్రోహం కూడా ఉంది. ఇలా మొదలుపెడితే బాగుంటుందనుకున్నాను గాని, మీ టైమ్ వేస్ట్ చేయడం నాకిష్టం లేదు. వీరుల వయసు పదకొండేళ్ళు. రథం ఏడు సీట్ల మినీవ్యాన్. రణరంగాలు మూడూ మలేషియా హోటళ్ళు. ద్రోహమంటారా, నా స్నేహితుడు వెనక సీట్లో ఇంకొకడి పక్కన కూర్చున్నాడు. అంతే సంగతులు.

మొన్న శనివారం మధ్యాహ్నం, శాంటా క్లారాలో నా అపార్ట్‌మెంట్ వంటగదిలో, ముందురోజు తెచ్చుకుని సగం మిగిల్చిన మలేషియా కూర డబ్బా మూత తీశాను. కరివేపాకు, అనాసపువ్వు, కొబ్బరిపాలు, వాటన్నిటి అడుగునా ఎక్కడో ఎండురొయ్యలు, అన్నీ కలిసిన వాసన ఒక్కసారిగా ముక్కుకి తగిలింది. అదే సమయానికి ఫోన్ టింగుమంది. డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి నా చిన్నప్పటి స్నేహితుడు రిషి ఫోటో పంపాడు. ఒక బల్ల, దాని మీద మూడు అరిటాకులు. ఆ ఫోటో చూసి నా కడుపులో మండిన మంటకీ కూరకీ సంబంధం లేదు, ఎందుకంటే కూర నేనింకా తినలేదు. ఆ మంట వయసు పధ్నాలుగేళ్ళు.

మా చిన్నప్పటి ఫ్రిస్కోలో చెట్లు మా కంటే చిన్నవి. కొత్తగా కట్టిన ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ రెండు కర్రలకి కట్టేసిన ఒక మొక్క, అది ఎక్కడికైనా పారిపోతుందేమో అన్నట్టు. ఎండాకాలం సాయంత్రాలు స్ప్రింక్లర్లు తిరుగుతుంటే తడిసిన సిమెంటు వాసన, పక్కింటి వాళ్ళు మాంసం కాల్చే పొగ, మా గరాజ్‌లోంచి వచ్చే అమ్మ ఆవకాయ జాడీల వాసన కలిసిపోయి ఒక వింత దేశం వాసనగా మారేవి. వీధి చివర గుండ్రంగా తిరిగే చోట మేం టెన్నిస్ బంతికి టేపు చుట్టి క్రికెట్ ఆడేవాళ్ళం, వికెట్లంటే రిషి వాళ్ళ గరాజ్ తలుపే, అవుటైతే ఇల్లంతా అదిరేది, కాబట్టి మా ఆటలో అంపైర్ అవసరం రాలేదు. దీపావళికి కమ్యూనిటీ హాల్లో పులిహోర, గుత్తివంకాయ, ఎవరో ఆంటీ ప్రతి ఏడూ తెచ్చే పాస్తా, అల్యూమినియం ట్రేలలో బారులు తీరేవి. తినేది మూడు గదుల ఫోమ్ ప్లేట్లలో. రసం గట్టు దాటి గులాబ్‌జామ్ గదిలోకి వెళ్ళిపోయేది. మా తరానికి విస్తరంటే ఆ ప్లేటే.

రిషి, నేనూ ఒకే వీధి, ఒకే క్లాసు, ఒకే సైజు బూట్లు. ఎవరి వ్యాన్ ఎక్కినా చివరి వరస మాది. ఆ వరసలో ఏసీ గాలి తగలదు, ముందు పెద్దవాళ్ళు మాట్లాడేది వినబడదు, మేం చేసేది వాళ్ళకి కనబడదు. దాన్ని ఎవరూ మాకు రాసివ్వలేదు, అయినా అది మాదే. ప్రపంచంలో నాకంటూ ఉన్న ఆస్తి ఆ సీటొక్కటే అని అప్పట్లో నా అభిప్రాయం.

మాకు పదకొండేళ్ళు వచ్చిన సంవత్సరం మా వెనక వీధిలోకి నరేన్ వచ్చాడు. మలేషియా తెలుగువాళ్ళు. వాళ్ళ ముత్తాతకి ముందెవరో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రబ్బరు తోటల్లో పనికి వెళ్ళారట. నాలుగు తరాలు అక్కడే గడిచినా వాళ్ళింట్లో తెలుగు చెక్కు చెదరలేదు. మా నాన్న గుంటూరు నుంచి వచ్చి పదిహేనేళ్ళు కాలేదు, నా తెలుగు అప్పటికే కుంటుతోంది. ఆదివారం తెలుగు క్లాసులో అదివరకు నేనే ఫస్ట్. ఎందుకంటే మిగతావాళ్ళు ఇంకా కుంటేవాళ్ళు. నరేన్ మొదటి రోజు నోరు తెరిచి "ఆంటీ, మీ పుస్తకంలో పేజీ ఒకటి చిరిగిపోనాది" అనగానే టీచర్ ఆంటీ కళ్ళు చెమర్చాయి. పేజీ చిరిగినందుకు కాదు. వాడికి లడ్డు ఇచ్చింది. మూడేళ్ళ నుంచి ఫస్ట్ వస్తున్న నాకు అంతవరకు దక్కింది స్టిక్కర్లు.

దాన్నయినా క్షమించేవాణ్ణి. కానీ రిషి వాడి వెంట పడ్డాడు. వాడికి కాలితో ఎగరేసి ఆడే వెదురు బంతి ఆటొకటి వచ్చు, మలేషియా పద్ధతిలో వాక్యం చివర "లా" తగిలించడం వచ్చు. వారం తిరిగేసరికి రిషి కూడా "ఎల్దాం లా" అనడం మొదలెట్టాడు. నేను మాత్రం ఆ "లా" వాడనని ఒట్టు పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు.

నరేన్ వాళ్ళ నాన్న నాయుడు అంకుల్‌కి ఒక బాధ ఉండేది. అమెరికా వచ్చిన నాలుగు నెలల్లో ఊరి రుచి ఒక్కసారీ తగల్లేదు. పైగా ఆ వసంతంలోనే మలేషియాలో ఆయన అమ్మ చనిపోయింది. వీసా కాగితాలు మారుతున్న సమయం కావడంతో ఆయన వెళ్ళలేకపోయారని మా అమ్మ ఫోన్‌లో ఎవరికో చెబుతుంటే విన్నాను. ఒక శనివారం ఆయన, చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న మూడు మలేషియా హోటళ్ళ పేర్లూ కాగితం మీద రాసుకుని, ఒక్క రోజులో మూడూ చూసొద్దామని మా ముగ్గుర్నీ వ్యాన్ ఎక్కించుకున్నారు. నేను పరిగెత్తుకొచ్చేసరికి చివరి వరసలో రిషి, వాడి పక్కన నరేన్. నాకు మధ్య వరసలో చోటు దొరికింది, ఒక మంచినీళ్ళ కేసు పక్కన.

మొదటి హోటల్లో పొద్దున పదిన్నరకే వేడివేడి రొట్టె, పలచటి పప్పుకూర వచ్చాయి. అంకుల్ రొట్టె చింపి, ముంచి, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచారు. "రొట్టి కాదిది, దుప్పటి" అన్నారు. రిషి నవ్వాడు, నరేన్ నవ్వాడు, నేను నవ్వకూడదనుకుని ఆలస్యంగా నవ్వాను. నాకైతే ఆ దుప్పటి చాలా నచ్చింది, రెండు తిన్నాను.

రెండోది చైనీస్ మలేషియా వాళ్ళది. బల్ల మీద చిన్న గిన్నెలో ఎర్రటి మిరపకాయ ముద్ద పెట్టారు. ఇక్కడే నా అదృష్టం మారుతుందనుకున్నాను. మాది గుంటూరు, కారం మా రక్తంలోనే ఉంది అని రిషికి గుర్తుచేసి, ఆ ముద్ద స్పూన్ నిండా తీసి నోట్లో వేసుకుని, కన్ను ఆర్పకుండా మింగాను. చెవుల్లో గంటలు మోగాయి. ముక్కు తన దారిన తాను కారింది. ఇంతటి సాహసం చేసి పక్కకి తిరిగితే, రిషి కుర్చీలో లేడు. ఒకాయన టీని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి గజం ఎత్తునుంచి పోస్తుంటే, నరేన్‌తో కలిసి కౌంటర్ దగ్గర నిలబడి చూస్తున్నాడు. నా వీరత్వానికి సాక్షి నాప్కిన్ డబ్బా ఒక్కటే. తిరిగొచ్చాక రిషి నన్ను చూసి, "నువ్వు ఎందుకు ఏడుస్తున్నావ్, డ్యూడ్?" అని నిజమైన జాలితో అడిగాడు. నాకు ఎలర్జీ అని చెప్పాను.

మూడోది ఒక మాల్ మూలన ఉన్న చిన్న హోటల్. పినాంగ్ నుంచి వచ్చిన ఒక తమిళావిడ నడిపేది. శనివారాలు మాత్రమే అరిటాకు వేసేది. అన్నం, మూడు కూరలు, అప్పడం, చేపల పులుసు, మిరియాల రసం. అంకుల్ రసం అన్నంలో కలుపుకుని మొదటి ముద్ద తిని ఆగిపోయారు. తర్వాత తల ఎత్తకుండా, రెండోసారీ మూడోసారీ వడ్డించుకుని తిన్నారు. మధ్యలో ఒకసారి "మాయమ్మ రసం" అన్నారు, అది కూడా ఆకుతోనే.

భోజనం అయిపోవచ్చింది. నాకు అప్పుడు ఒక సంగతి తట్టింది. ఇదివరకు ఆకులో తిన్న అనుభవం రిషికి లేదు, నాకుంది. ఏడేళ్ళప్పుడు గుంటూరులో ఒకే ఒక్కసారి, బంతిలో కూర్చుని, పెద్దవాళ్ళ మధ్య తిన్నాను. తిన్నాక అందరూ ఆకుని ఎలా మడిచారో నాకు బాగా గుర్తు. నా వైపు అంచు పట్టుకుని ఎత్తి, అవతలికి మడిచి, "మా వాళ్ళు ఇలా మడుస్తారు, ఇదే కరెక్ట్" అని రిషికి చూపించాను. రిషి బుద్ధిగా నాలాగే మడిచాడు. పొద్దున్నించీ వాడు నా మాట విన్నది అదొక్కసారే. ఆ ఆనందంలో నరేన్ చెయ్యి ఆకు మీద ఆగిపోవడం చూసీ పట్టించుకోలేదు.

నాకు గుర్తు లేనిదల్లా, గుంటూరులో ఆ భోజనాలు ఎందుకు పెట్టారన్నది. అది మా తాతయ్య పెద్దకర్మ. అలాంటి భోజనాల్లోనే ఆకు అవతలికి మడుస్తారు, మిగతా రోజుల్లో తమ వైపుకి.

హోటలావిడ నీళ్ళ జగ్గుతో వచ్చి, అవతలికి మడిచి ఉన్న మా రెండు ఆకులూ చూసి నిలబడిపోయింది. అంకుల్ వైపు తిరిగి తమిళంలో మెల్లిగా ఏదో అడిగింది. నాకు తమిళం రాదు గాని, పోయింది ఎవరని అడుగుతోందని ఆమె మొహం చూస్తే తెలిసింది. అంకుల్ మా ఆకుల్ని చూశారు. రిషి నన్ను చూశాడు. నేను సీలింగ్ ఫ్యాన్‌ని చూశాను, అది బాగానే తిరుగుతోంది.

"నానమ్మకి" అన్నాడు నరేన్. "మేం ముగ్గురం అనుకునే మడిసినాం." అని, అంతవరకు తెరిచే ఉన్న తన ఆకుని అవతలికి మడిచాడు.

అంకుల్ తన ఆకు కూడా అవతలికి మడిచి, దాని మీద అరచెయ్యి పెట్టి ఉంచారు. హోటలావిడ జగ్గు కింద పెట్టి ఆయన భుజం తట్టింది. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. రసంలో మిరియాలు బాగానే వేశారు మరి.

బయట పార్కింగ్‌లో నరేన్‌ని పక్కకి లాగి, ఎందుకలా చెప్పావని అడిగాను.

"మరేటి సెప్పమంటావ్?" అన్నాడు. "నీకు తెలీదని రిషి ముందర సెప్పీమంటావా?"

అంటే వాడికి అంతా తెలుసు. లడ్డు సంగతి, సీటు సంగతి, ఎలర్జీ సంగతి కూడా. ఇంటికొచ్చేటప్పుడు వాడు వెళ్ళి ముందు సీట్లో వాళ్ళ నాన్న పక్కన కూర్చున్నాడు. చివరి వరస నాకూ రిషికీ మిగిలింది. నా రాజ్యం నాకు తిరిగొచ్చింది. రిషి వ్యాన్ కదిలిన రెండు నిమిషాలకి నిద్రపోయి, ఇల్లు చేరేదాకా నా భుజం మీద చొంగ కార్చాడు. నేను ముందు సీట్లో కనబడే నరేన్ తల వెనక భాగాన్నే చూస్తూ కూర్చున్నాను. అంతవరకు వాడి తెలుగు మీద, వెదురు బంతి మీద అసూయ ఉండేది. వాటినైతే కష్టపడి నేర్చుకోవచ్చు. ఆ మధ్యాహ్నం నుంచి వాడి మంచితనం మీద మొదలైంది, దానికి ఆదివారం క్లాసులు కూడా లేవు.

ఇప్పుడు ఫ్రిస్కోలో చెట్లు ఇళ్ళ కంటే ఎత్తు. రిషి వాళ్ళ గరాజ్ తలుపు మార్చేశారు. తెలుగు క్లాసు జూమ్‌లోకి వెళ్ళిపోయింది. మొదటి హోటల్ ఫోన్ల షాపైంది, రెండోది పళ్ళ డాక్టర్ ఆఫీస్, రసం హోటల్ ఉన్న చోట పరుపులు అమ్ముతున్నారు. నాయుడు అంకుల్ వాళ్ళు బెంటన్‌విల్ వెళ్ళిపోయారు. నరేన్ మాత్రం ఉద్యోగం వెతుక్కుని మరీ తిరిగొచ్చాడు, రిషి ఇంటికి పది నిమిషాల దూరంలో ఉంటాడు. ఇద్దరూ శనివారాలు తిరిగి తిని నాకు ఫోటోలు పంపుతారు. ఈమధ్య ఆకు వేసే కొత్త మలేషియా హోటలొకటి దొరికిందట.

మొన్నటి ఫోటో అక్కడిదే. వాళ్ళిద్దరూ తినేసిన రెండు ఆకులు వాళ్ళ వైపుకి మడిచి ఉన్నాయి. ఖాళీ కుర్చీ ముందున్న మూడోది శుభ్రంగా అవతలికి మడిచి ఉంది. దాని కింద నరేన్ గొంతుతో వాయిస్ మెసేజ్.

"నీ ఆకు నీకు నచ్చినట్టే మడిసినాం లా."

వెనక రిషి పగలబడి నవ్వడం వినిపించింది. కూర చల్లారిపోయేదాకా నేను ఆ ఫోటోని పెద్దది చేసి చూస్తూనే ఉన్నాను, నా ఆకు పక్కన పెట్టిన గ్లాసులో ఉన్నది రసమా కాదా అని. తర్వాత కోపంతో డాలస్‌కి టికెట్ బుక్ చేశాను, చవగ్గా వచ్చింది, మార్చుకోవడానికి వీల్లేని రకం. వచ్చే నెల ఒక ఆదివారం పొద్దున దిగి, మంగళవారం తెల్లవారుజామున తిరిగెళ్తాను.

ఆ హోటల్‌కి ఆది, సోమవారాలు సెలవు.