గడప పక్కన పలక

వానకు తడిసిన పలకరాయి వాసన తగిలితే ఏ పని మీదున్నా ఆగిపోతాను. మొన్న మార్కాపురం పోయినప్పుడు ఊరి బయట పలకముక్కల గుట్టల మీద చినుకులు పడ్డాయి. ఆటోలో పక్కనున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే, నేను తల బయటపెట్టి గుండె నిండా పీల్చుకున్నాను. అది మా నాయన చొక్కా వాసన.

నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చేవాడు. నల్లబండ అంచున ఉలి ఆనించి, పసిబిడ్డను నిద్ర లేపినంత మెల్లగా సుత్తితో తడితే అది పొరలు పొరలుగా విడిపోయేది. ఒక్కో రేకునూ వేలి కణుపుతో తట్టి చెవి ఒగ్గేవాడు. మంచి రాయి ఖంగుమంటుంది, కంటికి ఆనని చీలికున్నా గొంతు బొంగురుపోతుంది. ఆయనకు చదువు రాదు. సాయంత్రం ప్రార్థనలో అమ్మ బైబిలు చదువుతుంటే, అట్లాగే తల వంచుకుని చెవి ఒగ్గి వినేవాడు.

మా గడప పక్కన మేకుకు ఒక పెద్ద పలక వేలాడేది. ఆదివారం గుడికి పోయే ముందు అమ్మ దాని మీద బలపంతో ఒక జ్ఞానవాక్యం రాసేది. ఆ మాట ప్రకారం నడిచినవాళ్లే దాన్ని తుడవాలి. "చేసిందాకా తుడపగూడదు" అన్నది నాయన పెట్టిన చట్టం. కోపం తగ్గించుకోమనే మాట ఒకటి మూడు వారాలు చెక్కు చెదరలేదు, అమ్మ వల్ల కాలేదు, నా వల్ల అసలే కాలేదు, చివరికి నాయనే తుడిచాడు. తడిగుడ్డ పట్టుకునే ఆ గౌరవం కోసం నేను పడిన ఆరాటం ఇంతా అంతా కాదు. సోమరిని చీమను చూసి బుద్ధి తెచ్చుకోమన్న వాక్యం రాసిన వారం, కోడి కూయకముందే లేచి బిందెలతో నీళ్లు మోశాను.

నా మూడో తరగతిలో, కందిచేలు కాయ పట్టి, ఇంటింటి మీదా వెదురుబద్దల నక్షత్రాలు లేచి, వీధంతా బెల్లం పాకం వాసన కమ్మే క్రిస్మస్ ముందరి చలిరోజులవి. బడి అయ్యాక పలకలు గోడకు ఆనించి తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. ఒకరోజు గెంతుతూ గెంతుతూ నా పలక మీద నేనే కాలేశాను. వెంట్రుకంత చీలిక. నాయన నాకోసం ఏరి తెచ్చిన రాయి అది. పక్కనే షాహీన్ పలక, అచ్చం అదే కొలత. మా వెనక వీధి పిల్ల షాహీన్, నా జట్టుది. తను నీళ్లు తాగడానికి పోయింది. మార్చేశాను.

మర్నాడు కళ్లు వాచి వచ్చింది. "నేను పగలగొట్టలేదే అంటే మా అమ్మ నమ్మల్యా, కొట్టింది" అంది. నేను పలకసంచి ఒళ్లోకి లాక్కున్నాను.

ఆ వారం గడప దగ్గరి మాట అబద్ధపు పెదవుల గురించి. ఆదివారం నేను దర్జాగా గుడ్డ తడుపుకొచ్చి, "వారమంతా ఒక్క అబద్ధం గూడా ఆడలేదమ్మా" అని తుడిచేశాను. నిజమే మరి, పలక మార్చడానికి నోరు తెరవాల్సిన పని పడలేదు కదా!

ప్రతి ఆదివారం సాయంత్రం నాయన నా పలకకు బొగ్గూ దొండాకూ రుద్ది నల్లగా చేసేవాడు. ఆ రోజూ తీసి అలవాటుగా తట్టాడు. మళ్లీ తట్టాడు. నా వైపు చూశాడు.

"మంచి రాయే. నేను చీల్చింది గాదు" అని దాన్ని మెల్లగా పక్కన పెట్టి, అమ్మతో అన్నాడు: "పొద్దున పాప తుడిచిన మాట మళ్లా రాయి. అది ఇంగా అయిపోలేదు."

అంతే. తిట్టినా బాగుండేది. నాలుగు రోజులు ఆ అక్షరాల పక్కగా దొంగలా వచ్చాను, పోయాను. వేడి వేడి అరిసె చేతిలోనే చల్లారిపోయింది. ఐదోనాడు షాహీన్ వాళ్లకిచ్చి రమ్మని అమ్మ టిఫిను గిన్నెలో అరిసెలు సర్దింది. చంకలో షాహీన్ పలక పెట్టుకుని పోయాను.

"అత్తా, మీ పాప పగలగొట్టలా. నేనే మార్చినా" అన్నాను వాళ్లమ్మతో.

ఆమె షాహీన్‌ని దగ్గరికి లాక్కుని, "ఉత్తపుణ్యానికి నా బిడ్డను కొడితినే" అని ఏడ్చింది. నేను పారిపోదామనుకునేలోపు గిన్నెలోంచి ఒక అరిసె తీసి నా చేతిలో పెట్టి, "తిను. చెప్పినావు గదా" అంది. సిగ్గుతో ఏడుస్తూ తిన్నాను.

చీలిన పలకతో ఇంటికొస్తే నాయన దాన్ని తట్టి విన్నాడు. రోజూ గుట్టలకొద్దీ పలకలు చీల్చే మనిషి, నాకు కొత్తది మాత్రం తేలేదు. గుడ్డ తడిపి చేతికిచ్చాడు. "ఇప్పుడు తుడుపు" అన్నాడు. ఆ ఏడాదంతా ఆ చీలిక మీదే రాశాను. గీత దగ్గరికొచ్చినప్పుడల్లా బలపం తట్టుకునేది.

చాలా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మా పిల్లల చేతుల్లోకి పలకా రాలేదు, బలపమూ రాలేదు. నాయన పోయాడు, అమ్మా పోయింది. ఆ చీలిన పలకను నా గడప పక్కన మేకుకు తగిలించాను. ఇప్పుడు రాసేదీ నేనే, తుడవాల్సిందీ నేనే. తుడవబోతూ ఒకసారి పలకను వేలి కణుపుతో తట్టి చూస్తాను. వినగలిగిన చెవి నాకు లేదు. "ఇప్పుడు తుడుపు" అనే మనిషి లేక, ఎన్నో మాటలు నెలల తరబడి అట్లాగే ఉండిపోతున్నాయి.