వదిన చేసిన తోట

మా పెద్ద వదిన మొన్న తెల్లవారుజామున కొత్తపేటలో తన ఇంట్లో నిద్రలోనే పోయింది. నాగోల్‌లో ఉండే ఆవిడ కూతురు రోజూ పొద్దున్నే వచ్చి చూసి వెళ్తుంది. ఆ పిల్లే ఫోన్ చేసి, "అమ్మ లేస్తలేదు చిన్నాన్నా" అంది. నాకు తెలిసినంతవరకూ వదిన భయపడకుండా చేసిన పని అలా పోవడమొక్కటే.

నేను వెళ్ళేసరికి మా తమ్ముడు షామియానా కింద మంచి కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. మన్సూరాబాద్‌లో ప్లాట్లు అమ్మి పెద్దవాడైన మనిషి. పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట చెబుతున్నాడు. "మంచిది మా వదినె. ఉత్త పిరికిది, గంతే. గప్పుడు గా కేకుతోని మా పిల్లకు ఏమైందో మీకెరికే గదా." వాళ్ళు తల ఊపుతున్నారు. శవం ఇంకా ఐస్ పెట్టెలోనే ఉంది.

ఆ మాట వినకపోతే నేనిది రాసేవాణ్ణి కాదు. పోయినవాళ్ళను పొగుడుతూ రాసినవి జీవితంలో చాలా చదివాను. చాలావాటిలో పోయినవాళ్ళు కనిపించలేదు, రాసినవాళ్ళు కనిపించారు. అందుకని నేను చూసినదే చెబుతాను.

వదినది పోచంపల్లి వైపు నేత ఇల్లు. నూలుకు రంగులద్దే ఇంట్లో పుట్టింది గనక రంగులంటే ప్రాణం. మిగతావన్నీ భయమే. గ్యాసు కట్టేసి, మళ్ళీ చూసి, తాళం వేశాక మళ్ళీ తీసి చూసేది. దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు దాటాలంటే మెట్రో స్టేషన్ మెట్లెక్కి అవతల దిగేది. రైలెక్కడానికి కాదు, రోడ్డు దాటడానికి. "బస్సులోళ్ళకు మనం కనపడం తమ్మీ, మనమే చూసుకోవాలె" అనేది. నేను ఆవిడ కన్నా వయసులో చిన్న, వరసకు మరిదిని. తమ్మీ అనే పిలిచేది.

మా అన్న పోయాక ఆవిడ కేకులు నేర్చుకుంది. ఓవెన్ అంటే భయం. కుక్కర్‌కు రబ్బరూ విజిలూ తీసేసి, అడుగున ఉప్పు పరిచి, దాని మీద గిన్నె పెట్టి కాల్చేది. కాలిన కేకును గుండ్రంగా ఉంచేది కాదు. ఒక పక్క చెక్కి గుట్ట చేసేది, మరో పక్క తవ్వి కుంట చేసేది. కుంటలో నీళ్ళ కోసం చైనా గ్రాస్ మరగబెట్టి, లేత నీలం కలిపి పోసేది. అది గడ్డకట్టాక వేలితో తాకితే నీళ్ళు కదిలినట్టు వణికేది. కొబ్బరికోరుకు ఆకుపచ్చ అద్ది పచ్చిక చల్లేది. బిస్కెట్ పొడితో బాట వేసేది. మురుకుల ముక్కలు చెట్లు, పుదీనా ఆకులు వాటి కొమ్మలు. గట్టు మీద సగ్గుబియ్యం గులకరాళ్ళు. దగ్గరికి పోయి చూస్తే అందులోకి నడిచి వెళ్ళి కూర్చోవాలనిపించేది. ఇది పొగడ్త కాదు. నాకు అలా అనిపించేవి లోకంలో చాలా తక్కువ.

ఆవిడకు ఒక పట్టు ఉండేది. తినరానిది ఏదీ కేకు మీద పెట్టదు. పుల్ల గుచ్చదు, తీగ వాడదు, దుకాణంలో అమ్మే ప్లాస్టిక్ బాతును కూడా నీళ్ళ మీదకు రానివ్వదు. "పిల్లలు ఏది అందితే అది నోట్లె పెట్టుకుంటరు. నోట్లెకు పోరానిది కేకు మీద ఎందుకు?" అనేది. ప్రతి రంగూ ముందు తాను తిని, ఒక పూట ఆగి, తనకేమీ కాలేదని తేలాకే వాడేది. మేమంతా నవ్వేవాళ్ళం. మా తమ్ముడు మరీ గట్టిగా నవ్వేవాడు.

కొన్నేళ్ళ కిందట తమ్ముడి మనవరాలి పుట్టినరోజు వాళ్ళింట్లోనే చేశారు. పిల్ల అప్పటికి ఇంకా బడికి ఏడుస్తూ పోయే వయసు. వదిన ముందురోజే వెళ్ళి అక్కడే కేకు చేసింది. తోటా, కుంటా, గుట్టా. సాయంత్రానికి హాలు చుట్టాలతో నిండిపోయింది. వదిన నడుము నొప్పి అని లోపలి గదిలో కాసేపు ఒరిగింది.

తమ్ముడు కేకు చుట్టూ తిరిగి చూశాడు. "గిదేంది, తోటంటరు, ఒక్క పువ్వు లేదు?" అన్నాడు. ఎవరైనా ఏమైనా అనేలోపే గేటు పక్కనున్న చెట్టు దగ్గరికి పోయి రెండు గుత్తులు తెంపుకొచ్చాడు. గులాబీరంగు పువ్వులు, పొడుగాటి ఆకులు. కుంట చుట్టూ వరసగా గుచ్చాడు. ఆకులకు గిన్నెలో ఉన్న క్రీము పూసి నీళ్ళలోకి వంచాడు. అందరూ చప్పట్లు కొట్టారు, ఫోన్లు తీశారు. చెట్లూ పువ్వులూ నాకు తెలియవు, పుస్తకాలలో తప్ప. నాకూ బాగానే కనిపించింది.

వదిన కళ్ళు తుడుచుకుంటూ వచ్చి గడపలోనే ఆగిపోయింది.

"గన్నేరు ఎవలు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన వదినె. ఇప్పుడెట్లున్నది నీ తోట?"

"తియ్యుండ్రి. జర తియ్యుండ్రి ముందు. అది విషం."

"పొద్దున శివునికి పెట్టిన పువ్వే గదా ఇది! దేవునికి పెట్టేదాంట్ల విషముంటదా?" అని తమ్ముడు చుట్టాల వైపు తిరిగి నవ్వాడు.

ఎవరో అందుకున్నారు. "మీ వదినెకు కొవ్వొత్తి ముట్టిచ్చినా భయమే గదన్నా!" హాలంతా నవ్వింది.

ఇంట్లో ఎవరికీ విషమన్న అనుమానం రాకపోవడానికి కారణం ఆ పూజే. రోజూ ఆ చెట్టు పువ్వులే దేవుడి పటాలకు పెడతారు, చేతులు కడుక్కోకుండానే ప్రసాదం పంచుతారు. దేవుడి దగ్గర నుంచి వచ్చింది తమను చంపదని వాళ్ళ నమ్మకం.

వదిన నవ్వేవాళ్ళను చూడటం లేదు. పిల్లను చూస్తోంది. పిల్ల బల్ల అంచున గడ్డం ఆనించి దేన్నో నములుతోంది. పెదవుల మీద తెల్లటి క్రీము, దాని కింద పచ్చటి చార.

వదిన పిల్ల నోట్లో వేలు పెట్టి నమిలిన ఆకు బయటికి తీసింది. సగమే వచ్చింది. దాన్ని కొంగులో ముడివేసింది. "మా అమ్మగారింట్ల మేకపిల్ల గీ ఆకే నమిలింది. సందకాడికి పడిపోయింది. దవాఖానకు పోవాలె. ఇప్పుడే."

"చుట్టాలంత ఒచ్చిన్రు వదినె. కేకు కోసినంక చూద్దాం తియ్" అన్నాడు తమ్ముడు.

అప్పటికే ఇంకో ఇద్దరు పిల్లలు క్రీము కోసం చేతులు చాపుతున్నారు. వదిన రెండు చేతులతో కేకును బల్ల మీది నుంచి కిందికి తోసేసింది. గుట్ట విరిగింది. కుంట నేల మీద వణుకుతూ జారింది. ఎవరూ ఆ చెత్త ముట్టకుండా దాని మీద బల్లగుడ్డ లాగి కప్పింది. మా ఇంట్లో మరుదుల ముందు గొంతెత్తి ఎరగని మనిషి. తర్వాత పిల్లను చంకనేసుకుని బయటికి పరుగెత్తింది. వెనక నేను.

ఆటోలో పిల్ల వాంతి చేసుకుంది. ఎల్‌బీ నగర్ చౌరస్తాకు రాకముందే బండ్లు ఆగిపోయాయి. వదిన పిల్ల మణికట్టు పట్టుకుని ఉంది. "నిదానమైతున్నది తమ్మీ" అంది. నేను నా వేళ్ళు పెట్టి చూశాను. నాకు ఏమీ అందలేదు. నేను పెట్టిన చోటే తప్పో, లోపల ఏమీ లేదో తెలియలేదు. అంత భయం నాకు అంతకుముందు లేదు, తర్వాతా లేదు. చావు గురించి ఎన్నో పేజీలు చదివిన బుర్రలో ఆ నిమిషాన ఒక్క అక్షరం మిగల్లేదు.

దవాఖానలో వదిన కొంగు ముడి విప్పి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చేతిలో ఆకు పెట్టింది. డాక్టరమ్మ ముఖం మారిపోయింది. పిల్లను పరుగున లోపలికి తీసుకుపోయారు. గుండె దగ్గర తీగలు అంటించారు. "ఆకు తెచ్చి మంచి పని చేశారు. రేపటిదాకా ఏ మాటా చెప్పలేను" అంది ఆవిడ.

మా తమ్ముడు కారులో వచ్చాడు. వరండాలో ఫోన్‌లో మాట్లాడుతుంటే మా ఇద్దరికీ వినపడింది. "ఏం లేదన్నా, వదినె కేకుల రంగు పడలే పిల్లకు. ఏ రంగు కలిపిందో ఏమో."

"వాడు ఏమంటున్నాడో విన్నావా? లేచి అడుగు వదినా" అన్నాను.

"ఇప్పుడు గది ముచ్చటనా తమ్మీ? పిల్ల గుండె కొట్టుకుంటున్నదా లేదా, గది చూడు."

ఆ అబద్ధం అలాగే నిలబడింది. నేను అందరికీ ఆకు సంగతి చెప్పాను. నాకు ఎవరితోనూ సఖ్యం లేదు గనక ఎవరూ వినలేదు. తర్వాత చుట్టాలలో ఎవరూ వదినను కేకు అడగలేదు. ఆవిడ పెట్టిన పళ్ళెం కూడా పిల్లలకు అందకుండా పక్కకు జరిపేవాళ్ళు. అది నేను క్షమించగలను. క్షమించలేనిది మరొకటి. ఏళ్ళు గడిచాక కూడా వదిన ఉన్నట్టుండి నన్ను అడిగేది. "నిజం చెప్పు తమ్మీ, నా రంగుల ఏమన్న తేడా ఉండెనా?" లేదని ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అడిగేది. లోకంలో అన్నిటికీ భయపడే మనిషికి తన చేతులంటే కూడా భయం పుట్టించాడు మా తమ్ముడు. వాడికి నిజం తెలియదని ఎవరైనా అంటే, పిల్ల ఇంటికొచ్చిన వారంలోనే గేటు పక్క చెట్టును మొదలంటా ఎందుకు కొట్టించాడో అడగండి.

ఈ మధ్య ఏ పుట్టినరోజుకు పోయినా కేకుల మీద అసలైన పువ్వులు కనిపిస్తున్నాయి. అదేం పువ్వని అడిగితే ఎవరికీ తెలియదు. నేను పిల్లల చేతులనే చూస్తూ కూర్చుంటాను. ఇదివరకు మా అందరి తరఫునా భయపడటానికి ఒక మనిషి ఉండేది. మేము హాయిగా నవ్వుకునేవాళ్ళం.

దవాఖానలో ఆ రాత్రి గురించి రాయను, రాయలేను. మర్నాడు ఎండ కిటికీలోకి వచ్చాక డాక్టరమ్మ వచ్చి కాగితం మీది గీతలు చూసింది. గండం గడిచిందని చెప్పింది. పిల్ల లేచి కూర్చుని, "పెద్ద నానమ్మా, నా కేకేది?" అంది. పిల్ల తల్లి, తమ్ముడి కోడలు, బోరున ఏడ్చింది.

తీగలు తీసేశారు. మిషన్ కట్టేశారు. కోడలు పిల్లకు పాలు తాగించబోయి, "ఇగ చెయ్యి ఇడువు పెద్దత్తమ్మా" అంది.

"జర ఆగు బిడ్డా" అంది వదిన.

పిల్ల రెండో చేత్తో గ్లాసు పట్టుకుని పాలు తాగింది. వదిన ఆ చిన్న మణికట్టు మీద వేళ్ళు ఉంచి కిటికీ వైపు చూస్తోంది. గోళ్ళ సందుల్లో పచ్చిక రంగు ఇంకా ఉంది. నాడి కొట్టుకునే ఒక్కో దెబ్బకు ఆవిడ పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి.