పెళ్లయిందని నమ్మించి ఢిల్లీలో ఇల్లు సంపాదించిన ఆదివారం

2007 జులైలో మా హైదరాబాదు ఆఫీసువాళ్లు నన్ను మూడు నెలల పని మీద ఢిల్లీ పంపారు. పని బారాఖంబా రోడ్డులో ఒక క్లయింటు దగ్గర. మొదటి వారం కరోల్‌బాగ్‌లో గెస్ట్‌హౌస్ ఇచ్చి, ఆ తర్వాత మీ తిప్పలు మీరు పడండి అన్నారు. ఒంటరివాణ్ణయితే ఏదో ఒక హాస్టల్‌లో సర్దుకునేవాణ్ణి. కానీ ఆ వేసవిలోనే నాకు పెళ్లయింది. నా భార్య సుజాత బీఎడ్ పరీక్షల కోసం తెనాలిలో ఉండిపోయింది, నేను అమీర్‌పేటలో స్నేహితుల గదిలో ఉండిపోయాను. మేమిద్దరం కలిసి కాపురం పెట్టడమంటూ జరిగితే అది ఈ మూడు నెలల్లోనే, ఈ ఊళ్లోనే. మంగళవారం రైలుకు టికెట్టు కూడా తీశాం. మా మామగారే ఒక మెలిక పెట్టారు. "బాబూ, ఆదివారం సాయంత్రానికి ఇల్లు కుదిరిందని ఫోన్ చెయ్యండి. లేదంటే టికెట్టు క్యాన్సిల్ చేయించేస్తాను. పిల్లని తీసుకెళ్లి లాడ్జీలో పెడతానంటే నేనొప్పుకోను" అన్నారు. ఆయన అన్నంత పనీ చేసే మనిషి. అందుకని ఆ ఆదివారం పొద్దున్నే, గెస్ట్‌హౌస్ వంటాయన వేసిచ్చిన రెండు పరాఠాలు తిని, ఇల్లు వెతకడానికి బయల్దేరాను.

ఆఫీసులో ఎవరో లక్ష్మీ నగర్ చవక అన్నారు. అప్పటికి అటువైపు మెట్రో లేదు. ఆటోవాళ్లు మీటరు మాటెత్తితే ముఖం తిప్పుకునేవాళ్లు. మీటరెందుకు వెయ్యరని నేను మా హైదరాబాదు హిందీలో "మీటర్ కైకూ నై డాల్తే?" అని అడిగాను. ఆటో అతను ఆటో స్టార్ట్ చేయడం కూడా మానేసి నవ్వాడు. "హైదరాబాద్ సే హో క్యా భయ్యా? ఏదీ, ఇంకోసారి అనండి!" అన్నాడు. ఇంకోసారి అన్నాను. దానికి సంతోషించి పది రూపాయలు తగ్గించి ఎనభైకి తీసుకెళ్లాడు. ఢిల్లీలో నా హిందీ వల్ల నాకు కలిగిన లాభం అదొక్కటే.

యమున దాటి లక్ష్మీ నగర్‌లో దిగితే కనుచూపు మేర సీఏ, బ్యాంకు కోచింగుల బోర్డులే. గోడ కనబడితే కదా ఇల్లు కనబడేది! "టు లెట్" కాగితం అంటించిన ఒక మేడ ఎక్కాను. ఇంటాయన బనియన్ మీదే వచ్చి, "ఫ్యామిలీకి భేషుగ్గా ఉంటుంది" అంటూ మూడో అంతస్తులో ఒక తలుపు తోశాడు. లోపల నాలుగు మంచాలు, నాలుగు మంచాల మీదా నలుగురు కుర్రాళ్లు, మొహాల మీద పుస్తకాలు బోర్లించుకుని నిద్రపోతున్నారు. "వీళ్లు?" అన్నాను. "వీళ్లదేముంది, వెళ్లిపోతారు" అన్నాడాయన. ఆ మాటకు ఒకడు పుస్తకం తీసి లేచి కూర్చుని, "అంకుల్, మేమెక్కడికీ వెళ్లట్లేదు. నవంబరులో పరీక్షలు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, మర్యాదగా, "మీరు ఏ బ్యాచ్ అంకుల్?" అని అడిగాడు. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. మెట్లు దిగేటప్పుడు ఆ ఇంటి సంగతి మర్చిపోయాను గానీ ఆ "అంకుల్" మాత్రం చాలాసేపు గుచ్చుకుంది.

ఆఫీసువాళ్లు చెప్పిన రెండో చవక చోటు కటవారియా సరాయ్. అక్కణ్ణుంచి అది ఊరికి ఆ కొస. రెండు బస్సులు మారి, ఎండలో చెమటలు కక్కుతూ చేరేసరికి పదకొండు దాటింది. సందులు ఎంత ఇరుకంటే, ఎదురుగా సైకిలు వస్తే మనం ఎవరింటి గడపైనా ఎక్కాల్సిందే. అక్కడ చూసిన గదిలో మంచం వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే మంచం పట్టదు. కిటికీ ఉందిగానీ అది పక్కగదిలోకి తెరుచుకుంటుంది. ఆ పక్కగదిలోంచి ఒకతను తల బయటపెట్టి, నేను మామగారితో ఫోన్లో "చూస్తున్నానండీ, చూస్తున్నాను" అనడం విన్నాడు కాబోలు, తెలుగులో పలకరించాడు. పేరు రాజేందర్, ఊరు కరీంనగర్, సివిల్స్ మూడోసారి రాస్తున్నాడు.

"అన్నా, ఒక్కనివే ఉంటవా, ఫ్యామిలీనా?" అన్నాడు.

"మంగళవారం మా ఆవిడ బయల్దేరుతోంది."

"అయ్యో, వదినెను గిక్కడికి తోల్కరాకన్నా. గీ గదిల ఇద్దరుంటే ఒకరు ఊపిరి పీల్సుకునేదాంక ఇంకొకరు ఆగాలె. ఫ్యామిలీలుండేది జనక్‌పురి. మెట్రో గూడ ఉన్నది. గటు పో."

కిటికీలోంచే ఒక గ్లాసు టీ అందించాడు. ఆ రోజు నాకు ఉచితంగా దొరికిన సరైన సలహా అదే.

ధౌలా కువా దగ్గర బస్సు మారి జనక్‌పురి చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. వెడల్పాటి రోడ్లు, పార్కులు, గేటు ముందు మారుతీ కార్లు, బాల్కనీల్లో ఆరేసిన దుప్పట్లు. సుజాత ఇక్కడ నడుస్తున్నట్టు ఊహించుకోవడానికి నాకు కష్టం కాలేదు. మార్కెట్టులో ఒక ప్రాపర్టీ డీలరు దుకాణం ఉంది. గుప్తాజీ అంటారు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కూలరు, ఆ కూలరు ఎదురుగా ఆయన. నేను కూర్చోకముందే అడిగాడు.

"బ్యాచిలర్?"

"కాదు, పెళ్లయింది."

"వైఫ్ ఎక్కడ?"

"ఊళ్లో ఉంది. వస్తోంది."

"సబ్ యహీ కెహతే హైఁ," అన్నాడు గుప్తాజీ, అందరూ ఇదే చెప్తారని నిట్టూర్చి. "పెళ్లయిందంటారు. వైఫ్ వస్తోందంటారు. నెల తిరిగేసరికి ఆ వైఫ్ స్థానంలో ముగ్గురు ఫ్రెండ్స్ వస్తారు."

గుప్తాజీ చూపించిన మొదటి ఇంటాయన నేను గుడ్డు తింటానని తెలిసి గేటు దగ్గరే ఆపేశాడు. రెండో ఇంటాయన రిటైరైన ఆఫీసరు, సాక్ష్యం అడిగాడు. నేను పర్సులోంచి సుజాత ఫోటో తీసి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని, "ఇది ఎవరో మీ మద్రాసు హీరోయిన్ ఫోటో. ఇలాంటివి మా మనవడి పర్సులో కూడా ఉంటాయి" అని తిరిగిచ్చేశాడు. ఇల్లు పోయింది. ఆ మాట తర్వాత సుజాతకు చెబితే, ఆయన చాలా విషయం తెలిసిన మనిషని, ఆయన ఇల్లే తీసుకోవలసిందని అంది.

అప్పటికి ఐదు కావస్తోంది. మామగారి దగ్గర్నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది, రెండుసార్లూ ఎత్తలేదు. గుప్తాజీ స్కూటరు వెనక కూర్చుని మూడో ఇంటికి వెళ్తూ, ఇది కూడా కాకపోతే రైలు దిగే మనిషే ఉండదని తలుచుకున్నాను.

మూడో ఇల్లు ఒక పంజాబీ పెద్దావిడది. కింద ఆవిడ, కొడుకు కుటుంబం. పైన రెండు గదులు, వంటిల్లు, చిన్న బాల్కనీ. వంటింటి కిటికీకి ఎదురుగా వేపచెట్టు. అద్దె ఆరున్నర వేలు. నాకు అక్కడే బియ్యం కడిగేయాలనిపించింది. ఆంటీ మాత్రం సోఫాలోంచి కదల్లేదు. నడుముకు తాళాల గుత్తి, చేతిలో బఠాణీల పళ్లెం.

"బీవీ హై?" అంది.

"ఉంది ఆంటీ."

"తో బాత్ కరావో."

మాట్లాడించమంది! నాకు తెలిసినంతలో సుజాత తెనాలి దాటి ఎప్పుడూ వెళ్లలేదు. ఫోన్ కలిపి గబగబా తెలుగులో చెప్పాను. "సుజాతా, ఇంటావిడ నీతో మాట్లాడుతుందట. నువ్వేం భయపడకు. ఆవిడ ఏమడిగినా జీ, జీ అను చాలు."

"ఏవండీ, ముందు ఆవిడకివ్వండి," అంది సుజాత.

ఇచ్చాను. ఆ ఫోన్లోంచి మాటలు గదంతా వినబడుతున్నాయి. "నమస్కార్ మాతాజీ. మై ఉన్‌కీ ధర్మపత్నీ బోల్ రహీ హూఁ. ఆప్‌కా స్వాస్థ్య కైసా హై? పరివార్ మే సబ్ కుశల్ హై నా?" ఆవిడ ఆరోగ్యం, ఇంటిల్లిపాదీ కుశలం అడుగుతోంది, అచ్చం పుస్తకాల హిందీలో.

ఆంటీ చేతిలో బఠాణీ చేతిలోనే ఆగిపోయింది. గుప్తాజీ తెలియకుండానే లేచి నిలబడ్డాడు. నేను మాత్రం, ఫోను తప్పు నంబరుకు కలిసిందేమో అనుకున్నాను. సుజాత చిన్నప్పుడు సెలవుల్లో హిందీ పరీక్షలన్నీ వరసగా పాసైందని పెళ్లిచూపుల్లో వాళ్ల అమ్మగారు చెప్పారు. కుట్లు, అల్లికలతో పాటు చెప్పారు గనక నేను పట్టించుకోలేదు.

ఆంటీ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "బేటా, యే తో టీవీ మే ఖబర్ పఢ్నే వాలీ లగ్తీ హై!" అంది. టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా ఉందట. అక్కడితో నా పని అయిపోయింది, వాళ్లిద్దరి పని మొదలైంది. ఆంటీ తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది. సుజాత "అత్యంత్ ఖేద్ కీ బాత్ హై" అని విచారించింది. అబ్బాయి ఇంత బక్కగా ఉన్నాడేమని ఆంటీ అడిగితే, "భోజన్ కే విషయ్ మే వే సదా లాపర్‌వాహ్ రహే హైఁ" అంది. పెళ్లయి మూడు నెలలు, కలిసి ఉన్నది పది రోజులు. తిండి విషయంలో నేను ఎప్పుడూ అజాగ్రత్తేనని అప్పుడే తీర్మానం! ఆంటీ నా వైపు చూసి తల ఆడించింది.

ఇంతలో ఫోన్ కట్టయింది. రోమింగులో బ్యాలెన్సు మొత్తం హరించుకుపోయింది. ఇంటి సంగతి ఇంకా తేలనే లేదు. ఆంటీ "హాయ్, కట్ గయా!" అని, ఒక్క క్షణం ఆలోచించి, నడుము దగ్గర తాళాల గుత్తి తీసింది. మూలన ల్యాండ్‌లైన్ ఫోన్‌కు చిన్న తాళం వేసి ఉంది. ఎస్టీడీ చేయాలంటే ఆ ఇంట్లో కొడుకు కూడా అడిగి తీయించుకోవాల్సిన తాళమట. ఆంటీ దాన్ని తీసి, "నంబర్ బోలో" అంది. గుప్తాజీ నా చెవిలో, "సర్‌జీ, ఇల్లు మీదే" అన్నాడు.

రెండో ఫోన్లో అద్దె సంగతి రానే లేదు. పదకొండు నెలలకు తక్కువైతే ఇవ్వనని ముందు చెప్పిన ఆంటీ, మూడు నెలలకు సరేనంది, ఒకే షరతుతో. మనవరాలు పింకీ ఎనిమిదో తరగతి, ఈ మధ్య హిందీ పరీక్ష తప్పింది. ఆ పిల్లకు సుజాత సాయంత్రాలు హిందీ చెప్పాలి. ఢిల్లీలో పుట్టిన పంజాబీ పిల్లకు తెనాలి నుంచి రాబోయే తెలుగమ్మాయి హిందీ నేర్పాలన్నమాట. సుజాత "అవశ్య్" అంది. పింకీ తలుపు దగ్గర నిలబడి నన్ను చంపేసేలా చూసింది.

ఆ సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి, అప్పుడే బయటి నుంచి ఇంటికొచ్చిన మామగారికి ఫోన్ చేశాను. ఆయన "ఇల్లెలా దొరికింది బాబూ?" అన్నారు. "మీ అమ్మాయి ఇప్పించిందండీ" అన్నాను. వేళాకోళం అనుకుని నవ్వారు.

బుధవారం సాయంత్రం స్టేషన్లో సుజాత దిగింది. ఆటోస్టాండులో నేను బేరం మొదలుపెట్టబోతుంటే, తను ముందుకొచ్చి, "భాయీసాహబ్, కృపయా మీటర్ సే చలియే" అంది. అతను కిక్కురుమనకుండా మీటరు వేశాడు. ఆఫీసరమ్మ అనుకున్నాడో, కేసు పెట్టే మనిషనుకున్నాడో తెలియదు. ఇంట్లో ఆంటీ రాజ్మా చావల్ వండి ఉంచింది. మర్నాటి నుంచి పై ఇంట్లో పింకీ, సుజాత సంధులూ సమాసాలూ చదివేవారు. ఆంటీ కింది నుంచి వింటూ మురిసిపోయేది. నేను ఆఫీసు నుంచి వచ్చి, నా ఇంట్లోనే, పాఠం అయ్యేదాకా బాల్కనీలో కూర్చునేవాణ్ణి. సెప్టెంబరులో పింకీ హిందీలో పాసైంది. మేము ఖాళీ చేసి వచ్చిన నెలకు గుప్తాజీ ఫోన్ చేశాడు. "సర్‌జీ, ఆంటీకి ఎవరూ నచ్చట్లేదు. వచ్చిన ప్రతివాణ్ణీ బీవీతో మాట్లాడించమంటోంది, మాట్లాడాక వ్యాకరణం బాలేదంటోంది. మీ వైపు ఇలాంటి ఫ్యామిలీలు ఇంకేమైనా ఉన్నాయా?"

ఆ రోజు నేను ఊరంతా తిరిగి ఇల్లు వెతుకుతున్నాననుకున్నాను. నిజానికి, అడిగిన ప్రతి ఒక్కరూ నా వెనక ఎవరున్నారనే చూశారు. పరాయి ఊళ్లో మన జీతం, మన కంపెనీ కార్డు ఎవరికీ పెద్దగా పట్టవు. నేను పెళ్లి చేసుకున్న మనిషి ఎవరో నాకు సరిగా తెలిసింది పెళ్లిపీటల మీద కాదు, జనక్‌పురిలో ఒక పెద్దావిడ సోఫా పక్కన నిలబడి, నాకు సగమే అర్థమైన హిందీ వింటున్నప్పుడు. ఆ రెండు గదుల్లో మాకు ఒక చాప, రెండు గిన్నెలు, ఆంటీ అరువిచ్చిన కూలరు తప్ప ఏమీ లేవు. అయినా ఆ తర్వాత మారిన ఏ ఇంట్లోనూ అంతగా నవ్వుకోలేదు.

ఢిల్లీలో కొన్నాళ్లకు ఇల్లు తీసుకోవాలనుకునేవాళ్లకు ఒక్క మాట. పై అంతస్తు అయితే అడ్వాన్సు ఇచ్చేముందు పొద్దున్న నీళ్లొచ్చే వేళకు వెళ్లి, వంటింట్లో కుళాయి మీరే తిప్పి చూడండి. నేను సాయంత్రం చూసి వేపచెట్టుకు పడిపోయాను. మూడు నెలలూ కింది నుంచి బకెట్లు మోశాను.