ఐదు చీరల బొంత

అది నలభై ఎనిమిదో సంవత్సరం, చలికాలం మొదలైన రోజులు. మాది దేవరుప్పుల దగ్గర ఒక చిన్న ఊరు. రజాకార్లు పోయారు. ఏడాదికి పైగా జొన్నచేలల్లో, గుట్టల వెంట తలదాచుకున్న మగవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు తిరిగొచ్చారు. పొద్దున లేస్తే పొగమంచు, దాంట్లో పొయ్యిల పొగ కలిసి, ఏది మంచో ఏది పొగో తెలిసేది కాదు. ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు మనుషులందరూ ఆ తెల్లటి దాంట్లోంచి నడిచి వస్తున్నట్టే కనిపిస్తారు.

మొన్న ఫోన్లో నువ్వు నవ్వుతూ ఒక మాట అన్నావు కదా తల్లీ. చిన్నది రోజూ మీ ఇద్దరి మధ్య అడ్డంగా పడుకుంటోందనీ, నువ్వూ మీ ఆయనా ఒకే ఇంట్లో ఉండి కూడా రెండు మాటలు మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో గుర్తులేదనీ. ఆ నవ్వు వింటుంటే నాకు నర్సమ్మ గుర్తొచ్చింది. నువ్వూ నీ తమ్ముడూ సూరత్ పోయినప్పటి నుంచి నా పని సంగతులు చెప్పమని అడుగుతూనే ఉన్నారు. ఇది చెబుతాను, మనవలిద్దరూ వినండి.

బొంతలు కుట్టడం నాకు మా అత్త నేర్పిన పని. పాత చీరలూ పంచెలూ పొరలు పొరలుగా పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ముందు దూరం దూరంగా టాకాలు వేస్తాం. టాకా అంటే పొరలు జరగకుండా పట్టి ఉంచే కుట్టు, తర్వాత తీసేస్తాం. ఆ పైన అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు వస్తాం. సూది దిగడం, లేవడం, మళ్లీ దిగడం. నడుమకు చేరేసరికి కుట్టే మనిషి సగం నిద్రలో, సగం మెలకువలో ఉంటుంది. చేతులు మాత్రం వాటంతట అవి పోతుంటాయి.

మా అత్తకు ఇంకో విద్య కూడా ఉండేది. బాగుచేయమని ఎవరైనా బొంత తెస్తే ఎండలో పరిచి, దాని మీద మెల్లగా అరచెయ్యి తిప్పేది. "గిక్కడ ముసలామె పంటది. మోకాళ్లు నొస్తయి, ముడుచుకుంటది" అనేది. అది నిజమే అయ్యేది. ఎక్కడ అరిగింది, ఎక్కడ మరకైంది, ఎక్కడ మడమ తగిలి చిరిగింది, అన్నీ చూసి ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకుంటారో చెప్పేది. నేనూ నేర్చుకున్నాను. నేర్చుకున్నాననే అనుకున్నాను.

ఒక పొద్దున నర్సమ్మ వచ్చింది. నాకంటే మూడు నాలుగేళ్లు పెద్దది. చంకలో పది నెలల పాప, కొంగు పట్టుకుని మూడేళ్ల కొడుకు, వెనక ఐదేళ్ల కూతురు, నెత్తిన పెద్ద బొంత. అది మా అత్త చేతిదే, నర్సమ్మ పెళ్లికి కుట్టిన ఐదు చీరల బొంత. ఇంటిల్లిపాదీ ఒక వరసలో పడుకుంటే కప్పేంత వెడల్పు.

"గీ బొంతను నడుమకు కోసి రెండు జెయ్యి చెల్లె" అంది.

"రెండెందుకు వదినె? చినిగిన కాడ అతుకేస్త గదా."

"అతుకొద్దు. రెండు కావాలె. ఎల్లుండికి కావాలె."

మా అత్త అరుగు మీద కూర్చుని వింటోంది. నర్సమ్మ ఆమె వైపు చూసి తల దించుకుంది. పాప ఏడుస్తుంటే ఊపుకుంటూ వెళ్లిపోయింది.

మేమిద్దరం బొంతను ఎండలో పరిచాం. రెండు కొసలూ పోగులు లేచి, జల్లెడలా అరిగిపోయి ఉన్నాయి. నడుమంతా పిల్లల మరకలే. పెద్దవాళ్లెవరూ నడుమకు జరిగిన జాడే లేదు. మొగుడు ఆ కొసకు, పెళ్లాం ఈ కొసకు. ఎవరికి వాళ్లు లాక్కున్నారు. మా ఊళ్లో బొంతను రెండు చేసేది అన్నదమ్ములు వేరు పడినప్పుడే. కప్పుకునే దాన్ని కోస్తే ఆ కాపురానికి మంచిది కాదని మా అత్త అలాంటి పనికి కత్తెర కూడా ముట్టేది కాదు.

"మొగడు ఇల్లు జేరి నెలన్న కాలే. గప్పుడే వేరు పండుడా?" అని నిట్టూర్చింది మా అత్త.

నాకు అప్పటికి పిల్లలు లేరు. పెళ్లయి ఏడాదే. పాట పాడుకుంటూ కుట్టుకునే వయసు. వాళ్లిద్దరి కాపురం నా చేతిలో ఉందని నాకు నేనే అనుకున్నాను. ఆలస్యం చేస్తే కోపాలు చల్లారతాయి, బొంత అవసరమే రాదు. ఎంత తెలివి!

మూడో రోజు నర్సమ్మ వస్తే దారం లేదన్నాను. ఐదో రోజు వస్తే, దారానికి రాసే మైనం అయిపోయిందన్నాను. ఏడో రోజు వచ్చి గడపలో నిలబడింది.

"ఏం చెల్లె, మైనం కోసం తేనెటీగలను సాదుతున్నవా?"

"జర ఆగు వదినె. అన్ని పనులకు గింత తొందరైతే ఎట్ల?"

"నాకు తొందరున్నది" అంది. నేను దాన్ని కోపం అనుకున్నాను.

మరునాడు బావి దగ్గర ఆమె భర్త ఎల్లయ్య కనిపించాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. దొరల మీద, రజాకార్ల మీద తిరగబడ్డ సంఘం మనిషి, కానీ చాలా తక్కువ మాట్లాడేవాడు. ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు. నేను బిందె పక్కన పెట్టి, ఎవరూ లేరని చూసి, పెద్దమనిషిలా మొదలుపెట్టాను.

"అన్నా, ఓపిక పట్టాలె. ముగ్గురు పిల్లలున్నరు. ఆడిది ఒక మాటంటే మొగోడు పడాలె."

అతను నా వైపు, ఎద్దుల వైపు చూశాడు. "ఎవలు ఏమన్నరు చెల్లె?"

"బొంత తెచ్చింది గదా వదినె. కోసి రెండు జెయ్యమన్నది."

అతని ముఖం మెల్లగా ఎర్రబడింది. తర్వాత ఎద్దు మెడ మీద చెయ్యి వేసి, దాని చాటుకు తిరిగి నవ్వాడు. భుజాలు ఊగుతున్నాయి. "గది మీ వదిననే అడుగు" అని ఎద్దుల్ని తోలుకుని పోయాడు. ఆ మంచులో మనిషి కనిపించకపోయినా అతని నవ్వు చాలా దూరం వినిపించింది.

నేను ఇల్లు చేరి కాళ్లు కడుక్కోకముందే నర్సమ్మ ఊడిపడింది.

"ఏందే, నా మొగనికి బుద్ధులు చెప్తున్నవట? మేం వేరు పడుతున్నమని ఎవలు చెప్పిన్రు నీకు?"

"బొంతే చెప్పింది వదినె. రెండు కొసలు చూడు ఎట్ల అరిగినయో."

"అరగవా మరి! నడుమ అప్పుడిద్దరు, ఇప్పుడు ముగ్గురు పండి గుంజుతుంటే, ఆయన అటు గుంజె, నేను ఇటు గుంజితి." నవ్వబోయి, నవ్వలేక, అరుగు మీద కూలబడింది. "ఏడాది దాటింది చెల్లె, ఆయన ఇంట్ల పండక. చిన్నది పుట్టినప్పుడు గూడ లేడు. ఇప్పుడొచ్చిండు. నేను గీ గోడకు, ఆయన గా గోడకు. ఒక్క మాట మాట్లాడాలంటే ముగ్గురి మీదికెళ్లి మాట్లాడాలె. 'ఏమయ్యా' అంటే చాలు, పెద్దది లేచి కూసోని 'ఏందవ్వా' అంటది. పిల్లలకో బొంత, మాకో బొంత ఉంటే ఆ ఇంట్లనే ఇద్దరం ఒక దిక్కు పండమా? గిది మీ అత్త ముంగట ఎట్ల చెప్పుదు?"

మా అత్త అరుగు మీదే ఉంది. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడేం బొంతలే" అంది నర్సమ్మ చిన్నగా. "పక్క ఊళ్లె మిల్ట్రీ దిగిందట. సంఘపోళ్లను పట్టుకపోతున్నరట. ఎల్లుండి తెల్లారక ముందే ఆయన మళ్ల పోవాలె."

ఎనిమిది రోజులు. వాళ్లకు దొరికిన కాస్త కాలంలో ఎనిమిది రోజులు నేను మైనం పేరు చెప్పి మింగేశాను.

మా అత్త లేచింది. లోపలికి పోయి కత్తెర తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "కొయ్యి" అంది. జీవితంలో ఎన్నడూ బొంత కోయని మనిషి.

ఆ రోజంతా ముగ్గురం వాకిట్లోనే కూర్చున్నాం. కోసినప్పుడు లోపలి పొరల నుంచి నర్సమ్మ పెళ్లినాటి పసుపు రంగు బయటపడింది, ఎండ తగిలి వెలిగింది. పాత నూలు దుమ్ము గాలిలో లేచి, నెమ్మదిగా తిరిగి, మళ్లీ మా జుట్టు మీదే వాలింది. పిల్లలు బొంత కిందికి దూరి ఇల్లు కట్టుకున్నారు. సూది దిగిన చోటల్లా కింద నుంచి చిన్న వేళ్లు తట్టేవి. అరిగిన కొసలకు కొత్త గుడ్డ వేసి, మా అత్త ఆ కొస నుంచి, నేను ఈ కొస నుంచి కుట్టుకుంటూ వచ్చాం.

సగంలో నర్సమ్మ అడిగింది, "చిన్నది నన్ను విడిచి పంటదా?"

దానికి మా అత్త దగ్గర జవాబుంది. "నువ్వు కట్టి విడిచిన చీర తే. ఉతకకు."

పోయి తెచ్చింది. పొయ్యి పొగ, పాలు, చెమట కలిసిన వాసన. దాన్ని పిల్లల బొంతకు లోపలి పొరగా, వాళ్ల ముఖాలకు తగిలే వైపు వేసి కుట్టాం. పాప దాని మీద పాకి, చెంప ఆనించి, కుడుతుండగానే నిద్రపోయింది. లేపలేక దాని చుట్టూ కుట్టాను.

పొద్దు వాలే వేళకు రెండు బొంతలూ నెత్తిన పెట్టుకుని నర్సమ్మ వెళ్లింది.

తెల్లవారి నీళ్లకు వచ్చినప్పుడు అడగకూడదనుకుంటూనే అడిగాను.

"మాట్లాడుకున్నరా వదినె?"

"ఆఁ, మాట్లాడుకున్నం. చానా సేపు."

"ఏం మాట్లాడుకున్నరు?"

బిందె మీద చెయ్యి పెట్టి పకపకా నవ్వింది. "పోరగాండ్ల ముచ్చటే! వాళ్లను గా గోడకు పండవెట్టి, ఈ గోడకు పండి, వాళ్ల ముచ్చటే చెప్పుకున్నం."

ఆ మరుసటి తెల్లవారకముందే ఎల్లయ్య వెళ్లిపోయాడు.

మూడేళ్లకు తిరిగొచ్చాడు, చేతి వేళ్లు రెండు వంకరపోయి, జుట్టు నెరిసి. అప్పటికి నాకు మీ తాత పోలికతో ఒకడు, నా పోలికతో ఒకతి పుట్టి, మా ఇద్దరి నడుమ అడ్డంగా పడుకుంటున్నారు. నర్సమ్మ తొందర ఏమిటో అప్పుడు బాగా తెలిసింది. ఆ ఎనిమిది రోజులు గుర్తొస్తే సూది ఆగిపోయేది. ఆమె ఎన్నడూ దాని మాట ఎత్తలేదు. అప్పటి నుంచి ఎవరు ఏ బొంత తెచ్చినా, నా చెయ్యి ఏం చెప్పినా, ముందు మనిషినే అడిగేదాన్ని: ఇది ఎవరికి, ఎప్పటికి కావాలి? చెప్పిన రోజుకు ఇచ్చేదాన్ని.

చాలా ఏళ్ల తర్వాత నర్సమ్మ, ఎల్లయ్యలు కప్పుకునే బొంత ఒకసారి బాగుచేయడానికి వచ్చింది. ఎండలో పరిచాను. రెండు కొసలూ మేం కుట్టిన నాటిలాగే గట్టిగా ఉన్నాయి. నడిమి భాగం ఒక్కటే పలుచబడి, చెయ్యి పెడితే అవతలి వెలుగు కనిపిస్తోంది.

ఇప్పుడు నా కళ్లు అంత బాగా లేవు. కానీ సూదిలో దారం ఎవరైనా ఎక్కించిపెడితే కుట్టగలను. చిన్నదానికి ఒక బొంత మొదలుపెట్టాను, పైపొర వేశాను, లోపలి పొర కోసం ఆగాను. ఇటు వచ్చే వాళ్లెవరైనా ఉంటే, నువ్వు కట్టి విడిచిన చీర ఒకటి పంపు తల్లీ. ఉతకకు.