ఆరో నంబరు రాయి

లేవన్న దేన్నయినా ముందు వేలి కణుపుతో తట్టేవాడు. తర్వాత చెవి ఆనించేవాడు. ఆ తర్వాతే నమ్మేవాడు.

కడపలో సమాధి రాళ్లు చెక్కే మనిషికి అది పనిలో భాగమే. కానీ ఆయన కొత్త పాస్టరు గారి బల్లనూ తట్టాడు. కూతురు మహిమకు సంబంధం చూడబోయి, పెళ్లికొడుకు ఇంటి గోడ తట్టి, కాఫీ తాగకుండానే లేచొచ్చాడు. విమానంలో కిటికీ పక్క తడితే ఎయిర్‌హోస్టెస్ పరుగెత్తుకొచ్చింది.

“ఏం కావాలని అడుగుతాంది మామా,” అన్నాను పక్క సీట్లోంచి.

“ఏమొద్దు పాపా. బాగుండాది, పోనీమను.”

మేం పోతున్నది పోర్చుగల్ తీరంలోని చిన్న ఊళ్లో, కళాకారులు ఉండి పనిచేసుకునే ఆరు వారాల రెసిడెన్సీకి. నన్ను కవిత్వానికి పిలిచారు, ఆయన్ను శిల్పానికి. ఆయన పేరు సిఫారసు చేసింది నేనే. ఆయన మాట ఇంగ్లీషులో చెప్పవలసిందీ నేనే.

ఎనిమిది మంది శిల్పులకు ఎనిమిది రాళ్లే తెప్పించారు. ఒక్కో రాయి మీద ఒక్కో పేరు చీటీ, అడుగున నంబరు. మొదటి ఉదయం అందరూ కాఫీకి పోతే, లేవన్న ఎనిమిదింటినీ తట్టి వచ్చాడు.

ఆ తర్వాత తన రాయినే తట్టాడు. ఆరు వారాలు. బొగ్గుతో గీత గీసేవాడు, చెరిపేవాడు. పక్కన క్లారా అనే ఇరవై రెండేళ్ల పిల్ల రాయిలోంచి రెక్కలు విప్పిన పక్షి వచ్చింది. లేవన్న రాయి రాయిగానే ఉంది. నిర్వాహకుడు రూయి మాత్రం, తన బట్టతలనూ తడతాడేమోనని, మూడో వారం నుంచి టోపీ లేకుండా ఆయన దగ్గరికి వచ్చేవాడు కాదు.

చివరి రోజుకు ముందు మధ్యాహ్నం రూయి నన్ను పిలిచాడు. విన్నది మోసుకుని లేవన్న దగ్గరికి వెళ్లాను.

“మామా, రేపు పదికి మేయరు శిల్పాలు చూసేదానికి వస్తాడు. అప్పటికీ ఇట్లే ఉంటే నీ పేరు తీసేస్తారంట.”

“తీయనీలే.”

“వచ్చే ఏడాదికి మహిమ పెట్టిన దరఖాస్తు కూడా చూడరంట.”

ఆయన చెయ్యి ఆగింది. మళ్లీ తట్టాడు.

“ఏం చెప్తాంది ఆ రాయి?”

“లోపల పగులుండాది. యాడ మొదలయి యాడికి పోతాందో చెప్తాంది. శానా నిదానంగా చెప్తాంది.”

“పగులని ఎప్పుడు తెలిసింది?”

ఆయన సముద్రం వైపు తిరిగాడు. నాకు అనుమానం వచ్చింది. ఆఫీసు గోడ మీది జాబితా చూశాను. లేవి, అంటే మా లేవన్నకు, మూడో నంబరు రాయి. క్లారా, ఆరు. తిరిగొచ్చి వంగి చూశాను. ఆయన రాయి అడుగున ఆరు.

“చీటీలు మార్చినావు!”

“అరవద్దు పాపా, ఆ పిల్ల ఈడే ఉండాది.”

“నీకెందుకు మామా?”

“ఆ పిల్లకిదే మొదటి రాయంట. దెబ్బకు పగిలిందనుకో, రాయిని అనుమానించదు, తన చేతిని అనుమానిస్తాది. నేను పగలగొట్టిన రాళ్లు మన చర్చి ప్రహరీ అంత ఉండాయి. నాకేం సిగ్గు?”

క్లారా పక్షి మీద నుంచి తలెత్తి మాకు చెయ్యూపింది.

మర్నాడు పదికి మేయరు వచ్చాడు. లేవన్న తన రాయి మీద గీత గీసి, దాని వెంట చిన్న గాట్లు కొట్టి నాలుగు ఉలులు వరసగా నిలబెట్టాడు. ఒక్కోదాని మీద ఒక్కో చిన్న దెబ్బ. చెవి ఆనించాడు. మళ్లీ నాలుగు. మళ్లీ చెవి. రూయి గడియారం చూసుకున్నాడు. ఐదో వరస తర్వాత లేవన్న చాలాసేపు విన్నాడు. సుత్తి పైకెత్తి ఒక్క దెబ్బ వేశాడు.

రాయి పైనుంచి కిందికి రెండుగా తెరుచుకుంది. ఎవరో కేక వేశారు. లోపలి ముఖాలు పీటల్లా చదునుగా ఉన్నాయి. గడ్డపారతో రెండింటినీ ఎదురెదురుగా పడుకోబెట్టి, లేవన్న ఒకదాని మీద కూర్చున్నాడు. రెండోదాన్ని తట్టి విన్నాడు.

“రూయిని కూర్చోమను పాపా. ఇంక పగిలేదానికి ఏమీ లేదు.”

రూయి టోపీ తీసి కూర్చున్నాడు. చాలాసేపు రాయిని నిమిరి నన్నడిగాడు.

“ఈయన కూతురు కూడా ఇలాగే తడుతుందా?”

“ఇంకా ఎక్కువ.”

“అయినా రమ్మనండి.”

ఆ మాట నేను తెలుగులో చెప్పాను. లేవన్న ముందుకు వంగి, రూయి బట్టతల మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు. చెవి ఆనించాడు.

“బాగుండాది,” అన్నాడు.